అచ్చియ్యమ్మ గారి పచ్చ

భావనారాయణ మాస్టారిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. కాకినాడ జగన్నాథపురంలో ఒక కొబ్బరితాళ్ల గోదాము మీద ఆయన గది. ముప్పై ఏళ్లుగా ఆ గదిలో కూర్చుని ఆయన రూపం లేని బొమ్మలు వేస్తున్నారు. వాటిలో చెట్టు ఉండదు, పిట్ట ఉండదు, మనిషి ఉండడు. రంగు ఉంటుంది, అంతే. చూడవచ్చినవాళ్లు "ఇదేమిటండీ?" అంటే, "కాసేపు నిలబడండి, తెలుస్తుంది" అంటారు. కొందరు మర్యాదకి చాలాసేపు నిలబడి, కాళ్లు పీకి వెళ్లిపోయారు. శిష్యులు ప్రశ్న వేస్తే మాత్రం ఆ కాసింత జవాబు కూడా ఉండదు. కుంచె కడుక్కుంటూ వాళ్లని ఎక్కడికో పంపిస్తారు. అందం అంటే ఏమిటని అడిగిన ఒక శిష్యుణ్ని చేపల రేవుకి పంపారు. అతను తిరిగి రాలేదు. ఇప్పుడు రొయ్యల వ్యాపారంలో స్థిరపడ్డాడనీ, బాగానే ఉన్నాడనీ వినికిడి.

పోలిశెట్టి నూకరాజు ఆయన దగ్గర చేరి పదకొండు నెలలు దాటింది. ముప్పై నాలుగేళ్ల మనిషి. అంతకుముందు తొమ్మిదేళ్లు మెయిన్ రోడ్డులో ఇళ్లకి వేసే రంగుల దుకాణంలో పనిచేశాడు. వచ్చినవాళ్లు షేడ్ కార్డు మీద వేలు పెడితే, ఆ నంబరు ప్రకారం రంగులు చుక్కలుగా పోయించి, డబ్బాకి మూత బిగించి, మెషీన్లో పెట్టి ఊపించి ఇవ్వడం అతని ఉద్యోగం. ఒకరోజు మాస్టారి గది గోడలకి సున్నం రంగు ఇవ్వడానికి వచ్చి, అక్కడ ఆరబెట్టిన ఒక నీలం బొమ్మ ముందు నిలబడిపోయాడు. ఆ నీలానికి కార్డులో నంబరు లేదు. అతనికి అది అవమానంగా తోచింది, తరవాత ఆశ్చర్యంగా తోచింది, సాయంత్రానికి ఏడుపొచ్చింది. మర్నాడు ఉద్యోగం మానేశాడు.

భార్య సత్యవేణి జాకెట్లు కుట్టి ఇల్లు నడుపుతానంది గానీ, ఊరికే అనలేదు. "ఒక్క ఏడాది చూస్తానండీ. ఉగాది నాటికి ఎవరింటి గోడ మీదైనా మీ బొమ్మ ఒక్కటి వేలాడితే, నేనింక నోరెత్తను. మనింటి గోడ కుదరదు. మా అన్నయ్యగారి గోడా కుదరదు. లేదా, మళ్లీ వెళ్లి డబ్బాలు ఊపుకోండి." నూకరాజు ఒప్పుకున్నాడు. ఏడాదంటే చాలా పెద్దదనుకున్నాడు పాపం.

అతనికి రంగులంటే ఇష్టం అనడం తక్కువ చెప్పడమే. అక్రిలిక్ గొట్టాలంటే ప్రాణం పెడతాడు. అందులోనూ ఒకే కంపెనీవి కావాలి, హైదరాబాదు నుంచి పార్సిల్లో రావాలి. ఊళ్లో పుస్తకాల కొట్లలో దొరికే రంగుల్ని కన్నెత్తి చూడడు. సత్యవేణి పెళ్లిచీర వచ్చిన అట్టపెట్టెలో దూది పరిచి, గొట్టాలన్నిటినీ తలలు ఒకే వైపు ఉండేలా పడుకోబెట్టాడు. వాటిని అడుగునుంచే నొక్కుతాడు, ఖాళీ అయినంత మేరా చుట్టుకుంటూ వస్తాడు. మధ్యలో నొక్కేవాళ్లంటే అతనికి గిట్టదు. ఆ కారణంగా ఇంట్లో టూత్‌పేస్టు దగ్గర రోజూ చిన్న గొడవ. అక్రిలిక్ గుణగణాలు అడిగినవాళ్లకీ చెబుతాడు, అడగనివాళ్లకీ చెబుతాడు. నీళ్లలో కలుస్తుంది, అరగంటలో ఆరుతుంది, ఆరాక కడవెడు నీళ్లు పోసినా కదలదు, తడిగా ఉన్నప్పటికంటే ఒక వన్నె ముదురుతుంది. లోకంలో ఉన్న రంగులన్నిటినీ గొట్టాల మీద అచ్చువేసిన పేర్లతోనే పిలుస్తాడు. ఓసారి పెళ్లికి బయల్దేరబోతూ భార్యని చూసి మురిసిపోయి, "ఇవాళ నువ్వు క్వినాక్రిడోన్ మెజెంటాలో ఉన్నావు సుమా" అన్నాడు. ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకుని, "నాకేం, బాగానే ఉన్నాను కదండీ" అంది.

ఉగాది ఇంకా మూడు వారాలుందనగా అతను మాస్టారి దగ్గర మనసులో మాట బయటపెట్టాడు. "మాస్టారండీ, మన తెలుగువాళ్లకి రంగుల సంగతి తెలియదండి. నా పెట్టెలో పసుపులు ఏడున్నాయి, ఆకుపచ్చలు ఆరున్నాయి. ఆ పదమూడింటికీ కలిపి మనకున్న మాట ఒక్కటే, పచ్చ. ఏ పచ్చో ఎవడికీ తెలీదు. అందుకే నాకో అనుమానం వచ్చిందండి. అసలు రంగనేది ఎక్కడుంటుందండీ? చూసేవాడి కంట్లోనా, గుడ్డమీదా, గొట్టంలోనా? నాకైతే గొట్టంలోనే ఉన్నట్టుందండి."

మాస్టారు కుంచె కడుక్కున్నారు, గుడ్డకి తుడిచారు, వెంట్రుకలు సరిచేశారు. "టైపు అచ్చియ్యమ్మ గారు హాల్లోకి ఒక బొమ్మ కావాలన్నారు. నాకు అంత దూరం నడిచే ఓపిక లేదు. నువ్వెళ్లి వేసి ఇచ్చిరా. తరవాత మాట్లాడుకుందాం" అన్నారు.

నూకరాజుకి ప్రశ్న సంగతి అక్కడే మరుపున పడింది. గోడ దొరికింది. సత్యవేణి అన్నయ్యది కాని గోడ.

అచ్చియ్యమ్మ గారిని ఎరగనివాళ్లు ఆ పేటలో లేరు. పేరులోనే అచ్చు ఉంది, మరి ఆవిడ చేసిన పని కూడా అదే. ముప్పై ఆరేళ్లు తన ఇంటి ముందు హాల్లో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపింది. పెళ్లి చేసుకోలేదు. చేసుకుంటే ఇరవై రెండు మెషీన్లకి నూనె ఎవరు వేస్తారని అడిగేది. పొద్దున్న ఆరింటినుంచి ఆ హాల్లో వడగళ్లు పడుతున్నట్టు ఒకటే చప్పుడు. లోయరూ హయ్యరూ పరీక్షలు పాసై ఆఫీసుల్లో చేరినవాళ్లు ఊళ్లో ఏ గుమ్మంలోకి వెళ్లినా తగులుతారు. కాగితంలో మూడు తప్పులు దాటితే ఆవిడ ఎర్రపెన్సిలుతో వెనక్కి తిప్పి "రిపీట్" అని రాసి మొహాన పారేసేది. కంప్యూటర్లు వచ్చాక పిల్లలు తగ్గారు, తరవాత మానేశారు. నాలుగేళ్ల కింద మెషీన్లు ఇనుప కొట్టుకి వెళ్లిపోయాయి. ఆవిడ వీధి తలుపులు బిగించేసి, పక్కసందులోంచి రాకపోకలు పెట్టుకుంది. హాల్లో ఇప్పుడు ఆవిడ కుర్చీ ఒకటీ, పెద్ద గోడ ఒకటీ మిగిలాయి. ఆ గోడ మీద, ఏ కీకి ఏ వేలు పడాలో చూపే వేళ్ల చార్టు తగిలించిన చోట మాత్రం సున్నం ఇంకా తెల్లగా ఉంది.

నూకరాజు తన రంగులన్నిటినీ అట్టముక్క మీద వరసగా పులిమి, ఒక్కొక్కదాని కింద పేరు రాసి, సొంత షేడ్ కార్డు తయారుచేసుకుని వెళ్లాడు. అచ్చియ్యమ్మ గారు కళ్లజోడు పెట్టుకుని దాన్ని చూసి, రాతలో రెండు తప్పులు దిద్ది తిరిగి ఇచ్చేసింది.

"ఇవన్నీ నాకెందుకయ్యా? చూడు, హాలు బోసిగా ఉంది. ఇక్కడ కూచుంటే ఏం తోచట్లేదు. దేవుడి బొమ్మలూ, సీనరీలూ నాకొద్దు. పచ్చగా ఉండాలి. అంతే."

అక్కడ అతను ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ లేదు. ఏ పచ్చండీ అనలేదు. తొమ్మిదేళ్లు రంగులమ్మినవాణ్ని, పచ్చంటే తెలియదంటే చులకనైపోతానని నామోషీ. చిన్న పుస్తకంలో "పచ్చ, నాలుగడుగులు, మూడడుగులు" అని రాసుకుని ఇంటికొచ్చి పెట్టె తెరిచాడు. ఆకుపచ్చ గొట్టాలు ఆరూ అతనివైపే చూస్తున్నట్టనిపించింది. వాటిని చాలా నెలలుగా దాచుకున్నాడు. ఇక ఆలోచించలేదు.

వారం రోజులు వేశాడు. ముదురాకు మీద లేతాకు, దానిమీద పాచి, పాచిమీద గంధకం లాంటి ఒక పలచటి పొర. ఆరూ ఖాళీ అయ్యాయి. చాలక నీలంలో పసుపు కలిపి కూడా పచ్చ చేశాడు. ఆ వారం సత్యవేణికి అన్నంలోకి గోంగూర వండాలంటే భయమేసింది, దాన్ని కూడా చూస్తూ కూర్చుంటాడేమోనని. బొమ్మని దుప్పట్లో చుట్టి ఆటోలో తీసుకెళ్లి గోడకి ఆనించాడు. నిజం చెప్పాలంటే అది మంచి బొమ్మ. అచ్చియ్యమ్మ గారు దగ్గరికొచ్చి చూసింది, దూరం జరిగి చూసింది.

"ఏవయ్యా, నూతిలో పాచి పట్టినట్టుంది. రాత్రి మంచినీళ్లకి లేస్తే దీంట్లో కాలు జారి పడతాను. నేను పచ్చగా ఉండాలన్నాను కదా?"

"పచ్చేనండి, మేడంగారూ. పూర్తిగా పచ్చేనండి."

"ఇదా పచ్చగా ఉండటం?" అని ఆవిడ బొమ్మని వెనక్కి తిప్పి, చెక్కమీద ఎర్రపెన్సిలుతో రిపీట్ అని రాసింది.

అతను ఆటోలో కూర్చుని వచ్చేటప్పుడు బొమ్మకి అటువైపునుంచి కళ్లు తుడుచుకున్నాడు. ఇంటికి చేరేసరికి తేరుకున్నాడు. తప్పు తనదే. ముత్తైదువలు పాదాలకి పెట్టుకునేదేమిటి, గడపకి రాసేదేమిటి? ఆవిడ అన్నది పసుపుపచ్చ. ఆడవాళ్లు పచ్చ అంటే అదే అవుతుంది. ఎంత తెలివితక్కువవాణ్ని అని నెత్తి కొట్టుకుని, పసుపులు ఏడూ బయటికి తీశాడు. మరో వారం పట్టింది. నిమ్మపండు పసుపు, చామంతి పసుపు, మట్టి పసుపు, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ గుడ్డనిండా పరుచుకున్నాయి. చివరి గొట్టాన్ని కత్తెరతో చీల్చి, లోపలిది వేలితో గీకి మరీ పెట్టాడు. గది తలుపు తీస్తే ఎండలోకి వచ్చినట్టుంది. సత్యవేణి కూడా చూసి, "ఇది బాగుందండీ" అంది. అతని బొమ్మల గురించి ఆవిడ అన్న మొదటి మంచిమాట అది.

అచ్చియ్యమ్మ గారు ఈసారి దూరం కూడా జరగలేదు. "మా పెదనాన్నగారికి కామెర్లు వచ్చినప్పుడు ఇలాగే ఉండేవారు" అంది. పెన్సిలు చెవి పైనుంచి తీసింది. రిపీట్.

అప్పటికి ఉగాది రెండు రోజుల్లోకి వచ్చింది. నూకరాజు పెట్టె తెరిచి చూసుకుంటే అందులో పచ్చ అన్న మాటకి సరిపడేది ఏ పచ్చా మిగల్లేదు. ఎరుపులున్నాయి, వంకాయరంగు ఉంది, నీలముంది, కాల్చిన ఇటుకరంగు ఒకటి ఉంది, తెలుపుంది. హైదరాబాదుకి ఫోను చేస్తే పార్సిలు పండగ వెళ్లాకే అన్నారు. ఎదురుగా కొట్లో పిల్లల రంగులు అట్టపెట్టెల్లో మెరుస్తున్నాయి. అటు చూడడానికి మనసొప్పలేదు. ఆకలేస్తే పక్కింట్లో చేయి చాచడం లాంటిదనుకున్నాడు. సత్యవేణి మాత్రం అతను దుకాణానికి వేసుకెళ్లే చొక్కాలు రెండు ఉతికి, ఇస్త్రీ చేసి, అలమరలో పైన పెట్టింది. ఆవిడ తిట్టి ఉంటే అతనికి అంత బాధ కలిగేది కాదు.

మర్నాడు పొద్దున్నే, ఇంకో వారం గడువు అడుగుదామని అతను పెట్టె పట్టుకుని వెళ్లాడు. "మేడంగారూ, పచ్చలన్నీ అయిపోయాయండి. ఎరుపులూ అవీ ఉన్నాయి గానీ, వాటితో పచ్చ రాదండి" అని ఉన్నమాట చెప్పేశాడు.

అచ్చియ్యమ్మ గారు గడువు మాట వినిపించుకోలేదు. "నా దగ్గర ఒక మెషీనుకి ఒక అక్షరం కీ విరిగిపోయి ఉండేది. దానిమీద నేర్చుకుని లోయరు పాసైనవాళ్లు ఐదుగురున్నారు. ఉన్నవాటితోనే వెయ్యి. అయినా నీ తప్పు నాకిప్పుడు తెలిసింది. ఇంట్లో వేసి తెస్తున్నావు. ఇంట్లో కొట్టుకొచ్చిన కాగితం నేనెప్పుడూ దిద్దలేదయ్యా. ఇక్కడ, నా కళ్లెదుట వెయ్యి."

ఎదురుచెప్పే ధైర్యం అతనికి లేదు. అక్కడే వదిలేసి వెళ్లిన పసుపు బొమ్మనే గోడకి ఆనించి, దానిమీద తెల్లరంగు పూసి కొత్తగా మొదలుపెట్టాడు. హాల్లో చీకటి. రంగు ముదిరిందో లేదో తెలియడానికి పగటి వెలుగు కావాలన్నాడు. ఆవిడ వీధి తలుపుల గడియ కేసి చూసి, "తియ్యి మరి" అంది. నాలుగేళ్లుగా బిగుసుకున్న గడియ. కొబ్బరినూనె పోసి, ఇద్దరూ కలిసి లాగితే గాని రాలేదు. తలుపులు తెరుచుకున్న చప్పుడు వీధి మొదలు వరకూ వినిపించింది.

పది నిమిషాలు కాకుండానే సైకిలు మీద పోతున్న కోర్టు గుమాస్తా కామేశం కాలు నేలకానించి, లోపలికి తొంగిచూశాడు. "మేడంగారండీ, ఇన్‌స్టిట్యూట్ మళ్లీ పెట్టారాండీ?" జుట్టు సగం నెరిసినవాడే గానీ, గడపలో చెప్పులు విడిచేటప్పుడు కుర్రాడిలా ఒదిగాడు. అతని వెనకే, రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు టైపు చేసే మంగతాయారు, చేతిసంచీతో సహా వచ్చింది. ఆవిడా ఈ హాల్లో నేర్చుకున్నదే. తరవాత ఎదురింటివాళ్లు, ఆ తరవాత కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన, ఆయన ఎందుకొచ్చాడో ఆయనకే తెలియదు. మెట్ల కింద పడేసిన బల్లలు బయటికొచ్చాయి. అందరూ కూర్చున్నారు. కూర్చున్నాక బొమ్మ చూశారు. చూశాక, నూకరాజు ఖర్మ కాలి, ఏం వేస్తున్నావని అడిగారు.

"మేడంగారు పచ్చగా కావాలన్నారండి" అన్నాడు అతను.

ఇక సభ మొదలైంది. పచ్చ అంటే ఆకుపచ్చే అన్నాడు కామేశం. "రైలుకి పచ్చజెండా ఊపుతారా లేదా? పసుపు జెండా ఊపితే రైలు కదుల్తుందా?" మంగతాయారు ఊరుకోలేదు. "మా మేనకోడలు పచ్చగా ఉంటుందని పెళ్లివారికి రాశామండి. ఆకురంగులో ఉంటుందనుకుని వాళ్లేమైనా వెనక్కి పోయారా?" కామేశం అది వేరే కేసన్నాడు. ఎదురింటావిడ పచ్చబొట్టు చెయ్యి చూపించి, ఇది నీలంగా ఉందేమిటని అడిగింది. ఇంత జరిగాక కొబ్బరికాయల ఆసామీ గొంతు సవరించుకుని, "పచ్చికొబ్బరి తెల్లగా ఉంటుంది కదండీ" అన్నాడు. తలో మాటా మొదటినుంచి మళ్లీ అందుకున్నారు.

ఈ గొడవలో నూకరాజు చేతిలో ఎరుపూ వంకాయరంగూ తప్ప ఏమీ లేవన్న సంగతి ఎవరూ గమనించలేదు. సలహాలు మాత్రం ఆగలేదు. ఇటు కొంచెం ముదురు పెట్టమని ఒకరు, అటు చల్లార్చమని ఒకరు. అతను పెట్టాడు, చల్లార్చాడు. అచ్చియ్యమ్మ గారు లోపలికీ బయటికీ తిరుగుతూ కాఫీలు మోసింది. మూడుసార్లు పాలకి పంపింది. దారిలో "కామేశం, నడుం నిటారుగా" అని గద్దించింది. అతను ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడు. నూకరాజు నీళ్ల గ్లాసనుకుని కుంచెని కాఫీలో ముంచి, చూసుకోకుండా బొమ్మమీద పెట్టాడు. మంగతాయారు వాదన జోరులో వెనక్కి ఆనబోయి, సగం ఆరిన ఎరుపు మీద బొటనవేలు దించింది. దస్తావేజుకి వేలిముద్ర పడ్డట్టే పడింది. చెరిపేద్దామని తిరిగేసరికి ఆరిపోయింది. అక్రిలిక్కంటే అంతే మరి, క్షమించదు.

నాలుగు గంటలయ్యేసరికి బొమ్మ ఎర్రగా, ఇటుకగా, మూలల్లో వంకాయరంగుగా నిలబడింది. పచ్చ లేదు. ఆకుదీ లేదు, పసుపుదీ లేదు. వెనకాల జనం నవ్వులూ కేకలూ వినబడుతున్నాయి, ఎవరో పాత పరీక్ష సంగతి చెబుతున్నారు, మరెవరో బల్లమీద వేళ్లతో టకటకా కొట్టి చూపిస్తున్నారు. నూకరాజుకి మాత్రం అలమరలో ఇస్త్రీ చొక్కాలు కళ్లముందు ఆడాయి. ఎల్లుండి పొద్దున్న ఎనిమిదింటికి దుకాణం తెరుస్తారు. రంగుల్ని ఇంత ప్రేమించి, వాటిచేత ఒక ముసలావిడ అడిగిన ఒక్క మాట పలికించలేకపోయానే అని ఏడుపొచ్చింది. మొహం ఎవరికీ కనపడకూడదని నేలమీద పెట్టెకి వంగి, గొట్టాలకి మూతలు ఒక్కొక్కటే బిగించడం మొదలుపెట్టాడు.

అప్పుడు వెనకనుంచి, గ్లాసుల పళ్లెం చప్పుడుతో పాటు, అచ్చియ్యమ్మ గారి గొంతు వినిపించింది.

"ఆఁ. ఇప్పుడు పచ్చగా ఉంది."

అతను లేచి తిరిగేలోపల ఆవిడ పంచదార అయిపోయిందని లోపలికి వెళ్లిపోయింది. జనం మాటల్లోనే ఉన్నారు. కామేశం మాత్రం, "విన్నావుగా, ఉత్తర్వు అయింది, ఇంక అప్పీలు లేదు" అంటూ ఎదురింటినుంచి సుత్తి తెప్పించి, వేళ్ల చార్టు మచ్చ ఉన్నచోటే మేకు దిగ్గొట్టాడు. బొమ్మ గోడెక్కింది. అచ్చియ్యమ్మ గారు మళ్లీ వచ్చి, ఒకవైపు వాలిందని సరిచేయించింది గానీ, దించమనలేదు.

సత్యవేణి ఒకరు చెప్పింది నమ్మే మనిషి కాదు. ఆ సాయంత్రమే వెళ్లి కళ్లారా చూసింది. "ఎర్రగా ఉందేమిటండీ?" అంది. తరవాత మేకుని పట్టుకుని ఊపి చూసి, గట్టిగానే ఉందని రూఢి చేసుకుని, అక్కడే బల్లమీద కూర్చుని కాఫీ తాగింది. ఇంటికొచ్చాక ఆ రెండు చొక్కాలూ కిందికి దించి, కుంచెలు తుడుచుకోండి అని అతనికిచ్చేసింది. నూకరాజు వాటిని చేతుల్లో పట్టుకుని చాలాసేపు నవ్వుతూనే ఉన్నాడు, మధ్యలో కళ్లలో నీళ్లు తిరిగినా.

ఉగాది రోజు పొద్దున్న అతను స్టీలు డబ్బాలో పచ్చడి పట్టుకుని మాస్టారి మెట్లెక్కాడు. మాస్టారు ఆకుదొన్నెలో పోసుకుని, మామిడిముక్కలు వెతుక్కుంటూ, కథంతా విన్నారు. నూతిలో పాచి దగ్గర నవ్వారు, కామెర్ల దగ్గర నవ్వారు, పచ్చికొబ్బరి దగ్గర పొలమారి నీళ్లు తాగారు. ఎవరెవరు వచ్చారో, ఎన్నిసార్లు పాలు తెప్పించారో మాత్రం రెండేసి సార్లు అడిగి తెలుసుకున్నారు.

"నా సంసారం నిలబడిందండి, నాకు ఆవిడ మీద కోపం లేదండి" అన్నాడు నూకరాజు. "కానీ ఒట్టు, మాస్టారండీ, ఆ బొమ్మలో పచ్చ చుక్క లేదు. గొట్టంలో లేదు, గుడ్డమీద లేదు. కంట్లో ఉందనుకుందామంటే, ఆవిడ చూపు మొన్ననే పరీక్ష చేయించుకున్నారట, శుభ్రంగా ఉందట. మరి పచ్చగా ఉందని ఎలా అన్నారండీ?"

మాస్టారు దొన్నె కింద పెట్టి, మూతి తుడుచుకున్నారు.

"అది సరే గానీ రాజూ, ఆ మాట అన్నప్పుడు ఆవిడ ఎటు చూస్తున్నారు?"